పుస్తకం చార

“పుస్తకం లేకపోతే చెయ్యి ఎంత సక్కంగా ఆడతాండాదో సూడు” అన్నాడు ఈశ్వరప్ప మగ్గం గుంటలోంచి, నాడె విసురుతూనే.

మెచ్చుకోలుగానే అన్నాడు. భార్య మునిరత్నమ్మ రాట్నం ఆపలేదు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల సందులోంచి పట్టుదారాన్ని నాడెలో పెట్టే కండె మీదికి వదులుతోంది. అరవై ఒక్క ఏళ్ల చెయ్యి అది. అందులో నలభై రెండేళ్లు మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో, ఈ గోడ పక్కనే, ఈ రాట్నం దగ్గరే గడిచాయి. చీర నేసినవాడు ఈశ్వరప్ప అని వీధంతా అంటుంది. ఆ చీరలో అడ్డంగా పోయే ప్రతి పోగూ ముందు తన వేళ్ల మధ్య నుంచే వెళ్లిందని ఎవరూ అనరు. కండెలు చుట్టేది పనే అయితే దానికి కూలి ఉండాలి కదా. కూలి లేదు కాబట్టి అది పని కాదు, ఇంట్లో ఉండడం, అంతే.

పదకొండేళ్లుగా ఆమె పుస్తకం చదవలేదు. చదవొద్దని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేదేమో, దొంగచాటుగానైనా చదివేది. అక్షరాలే ఆమెను వదిలిపెట్టాయి. ఎవరింట్లోనైనా పుస్తకం కనపడి పేజీ తెరిస్తే మొదటి వాక్యం చదివేది, రెండో వాక్యానికి వచ్చేసరికి మొదటిది గుర్తుండేది కాదు. మళ్లీ మొదటికి వెళ్లేది. నాలుగోసారికి లేచి వెళ్లి పొయ్యి కట్టేశానా లేదా, తలుపు గడియ ఉందా లేదా, బజారుకు వెళ్లిన కొడుకు మునిచంద్ర ఇంకా రాలేదేం అని చూసుకునేది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. పుంగనూరు బస్టాండు ఎదురుగా ఆమె తల్లి మునెమ్మ బొరుగులు అమ్మేది. బడికి పంపే స్తోమత లేదు, పంపాలన్న ఆలోచనా లేదు. పిల్ల బస్సుల బోర్డులు చూసేది. కండక్టరు “సదుం, సదుం” అని అరిచే బస్సు మీద ఏ గీతలున్నాయో, “పెద్దపంజాణి” అని అరిచే బస్సు మీద ఏవున్నాయో పోల్చుకునేది. అట్లా ఒక్కొక్క అక్షరమే చిక్కింది. తరువాత బొరుగులు పొట్లం కట్టే కాగితాలు. ఏ కథకూ మొదలుండేది కాదు, చివర ఉండేది కాదు. మధ్యలో ఒక ముక్క మాత్రం నూనె మరకలతో చేతికొచ్చేది. పెళ్లయి మదనపల్లె వచ్చాక, బెంగళూరు బస్టాండు దగ్గర సందులో బాబు సాహెబ్ అద్దె పుస్తకాల అంగడి చూసిన రోజు, మొదలూ చివరా రెండూ ఉన్న కథ చేతిలో పట్టుకుని ఇంటిదాకా పరిగెత్తినంత పని చేసింది.

పక్కింటి మెహరున్నీసా ఆ పుస్తకాలకు సగం సొంతదారు. ఆమెకు అక్షరం రాదు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించేటప్పుడు పాత పోగుల చివరలకు కొత్త పోగుల చివరలు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పనికి వీధిలో మెహరున్నీసా చేతిని మించిన చెయ్యి లేదు. మధ్యాహ్నాలు ఆమె అతుకుతుంటే, మునిరత్నమ్మ పీట మీద పుస్తకం తెరిచిపెట్టి, ఎగరకుండా రెండు రాళ్లు పెట్టి, రాట్నం తిప్పుతూ పైకి చదివేది. పేజీ తిప్పడానికి చెయ్యి ఆగితే మెహరున్నీసా ఊరుకునేది కాదు.

“ఆపొద్దు రత్నా. దాని మొగుడు వచ్చినాడా లేదా, ముందు అది సెప్పు.”

“వచ్చినాడక్కా. వచ్చి అన్నం అడగతాండాడు.”

“వాని నోట్లో మన్ను పడ. మూడేండ్లకు వచ్చి అన్నమా అడిగేది?”

ఇద్దరూ ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు. చేతులు మాత్రం ఆగేవి కావు.

తొంభై మూడు ఎండాకాలంలో ఒక పెళ్లి చీర వ్యాపారి దగ్గర్నుంచి తిరిగొచ్చింది. మెరూన్ చీర నడుమ జానెడు వెడల్పున రంగు ఒక ఛాయ తగ్గి అడ్డంగా చార పడింది. ఇంట్లో దీపం కింద కనపడలేదు గానీ ఎండలో పరిస్తే గుడ్డివాడికైనా కనపడుతుంది. వ్యాపారి వీధిలోనే చీర విప్పి పట్టుకున్నాడు. పది మంది చేరారు. ఈశ్వరప్ప చీర వైపు చూడలేదు, గుమ్మంలో నిలబడిన భార్య వైపు చూశాడు.

“మా ఆడది పుస్తకం సదువుతా సుట్టింది సామీ కండెలు. రెండు రంగులు కలిపేసింది. దాని సదువు సీరకెక్కింది.”

అందరూ నవ్వారు. వ్యాపారి కూడా నవ్వాడు. నవ్వాడు కాబట్టి పని పోలేదు. ఈశ్వరప్ప చీర తెచ్చి ఆమె చేతుల్లో పడేశాడు. “నువ్వే కట్టుకో. నీ పనితనం నలుగురూ సూస్తారు.” పట్టుచీర పట్టుచీరే, పారేయలేం కదా. ఏ పెళ్లికైనా అదే కట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆడపడుచు కౌసల్య పందిట్లోనే కుచ్చిళ్లు పట్టి చూసేది. “ఏదీ, ఆ పుస్తకం సార యాడుండాది వదినా, మా వియ్యపురాలికి సూపిద్దాం.” మునిరత్నమ్మ కూడా నవ్వేది. నవ్వకపోతే కోపం వచ్చిందంటారు.

చీర తిరిగొచ్చిన నెలలోనే మెహరున్నీసా భర్త చనిపోయాడు. కుప్పం నుంచి అన్న లారీ తెచ్చి, ఆమెనూ పదహారేళ్ల కూతురు ఫిర్దౌస్‌నూ సామానుతో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ చదువుతున్న నవలలో ఇంకా ముప్పై పేజీలున్నాయి. “చివర ఏమయిందో సదివి పెట్టుకో, కలిసినప్పుడు సెబుదువు” అంది మెహరున్నీసా లారీ మీంచి. మునిరత్నమ్మ చదవలేదు. అంతకు ముందు తల్లి మునెమ్మ పోయిన కబురు వచ్చిందీ ఒక పుస్తకం చివరి పేజీలో ఉన్నప్పుడే. మూడో నెలలోనే పోయిన కూతురికి జ్వరం మొదలైందీ పీట మీద పుస్తకం ఉన్నప్పుడే. ఎవరికీ చెప్పలేదు గానీ, చివరి పేజీ తిప్పితే ఎవరో ఒకరు వెళ్లిపోతారని ఆమెకొక భయం కుదురుకుంది. పుస్తకం అట్లాగే తీసుకెళ్లి అంగడిలో ఇచ్చేసింది. మళ్లీ ఆ సందు తొక్కలేదు.

రెండువేల నాలుగు మాఘంలో ఫోను వచ్చింది. కోడలు ఉషారాణి రిసీవరు చెవికి పెట్టి వెళ్లింది.

“ఖాలా, నేను ఫిర్దౌస్‌ని, కుప్పం నుంచి. అమ్మీకి ఆరోగ్యం బాగలేదు. ఊరికే మిమ్మల్నే తలుసుకుంటాండాది. రత్న వచ్చి ఒక పుస్తకం సదివితే బాగుండు అంటాది.”

“ఒక్కసారి అమ్మకియ్యమ్మా ఫోను.”

ఫిర్దౌస్ గబగబా అందుకుంది. “ఇప్పుడు పండుకోనుండాది ఖాలా. మీరు రాండి.”

వస్తానంది. ఫోను పెట్టేశాక తట్టింది. రావడం మాట సరే, చదవడం? పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి ముందు పుస్తకం తెరిచి, మొదటి వాక్యమే నాలుగుసార్లు చదివి కూర్చుంటే? ఆ మనిషికి ఎంత కాలం మిగిలిందో తెలియదు. అంతలో తనకు చదువు తిరిగి రావాలి.

మర్నాడు కూరగాయల సంచితో బాబు సాహెబ్ అంగడికి వెళ్లింది. అంగడి సగానికి సగమైంది. ఒక పక్కను సిమెంటు బస్తాలు పెట్టుకోవడానికి ఎవరికో ఇచ్చేశాడు. “టీవీ సీరియళ్లు వచ్చినాక ఎవరూ రారమ్మా” అన్నాడు. గడ్డం తెల్లబడింది. ఆమె అలవాటుగా ఒక కుటుంబ నవల తీసుకుంది. అందులో కోడలు తెల్లవారకముందే లేచి వాకిలి ఊడుస్తోంది. రెండో పేజీలోనూ ఊడుస్తోంది. అక్కడే ఆగిపోయింది. తెచ్చి ఇచ్చేసి, అసలు సంగతి చెప్పింది, చదవలేకపోతున్నానని. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట.

బాబు సాహెబ్ నవ్వలేదు. “జరం వచ్చి లేసినోళ్లకు పాత పప్పే పెడితే తింటారామ్మా? నోటికి ఏం రుసిస్తాదో సూడాల. రకానికి ఒకటి తీసకపో.”

డిటెక్టివ్ నవల తీసుకెళ్లింది. మొదటి పేజీలోనే ఒకడు చచ్చిపడి ఉన్నాడు. అందరూ చంపినవాడి కోసం పరిగెడుతున్నారు, చచ్చినవాడి తల్లికి ఎవరు చెప్పారో రాయలేదు. ఆ తల్లి కోసం దిగులుపడుతూ కూర్చుంది. చదవడం ముందుకు సాగలేదు. వ్రతకథల పుస్తకంలో ఆడవాళ్లందరూ పస్తులుంటే మగవాళ్లందరూ బతికారు, కళ్లు వాక్యాల మీంచి జారిపోయాయి. వంటల పుస్తకం తెరవగానే ‘నలుగురికి’ అని ఉంది. ఒకప్పుడు తొమ్మిది మందికి కూడా వండిపెట్టిన మనిషికి ఇంకొకరు కొలతలు చెప్పడం ఏమిటని మూసేసింది. దయ్యాల కథలో బావిలో పడి చచ్చిన కోడలు రాత్రిపూట తిరిగొచ్చి తలుపు కొడుతోంది. మునిరత్నమ్మకు భయం వేయలేదు, ఆశ్చర్యం వేసింది. బయటపడ్డది కదా, మళ్లీ ఆ ఇంట్లోకి రావాలని ఎందుకు అనిపించింది ఆ పిల్లకు? కవిత్వం కొంత నయం, పేజీకి పది పంక్తులే. కానీ ప్రతి పేజీలో ఎవరో ఎవరినో వదిలి వెళ్తున్నారు.

“ఎన్ని మార్సినా అంతేనన్నా” అంది అయిదోసారి వెళ్లినప్పుడు. “మనిషి కనపడితే సాలు, ఎప్పుడు పోతాడో అని బెంగ.”

బాబు సాహెబ్ అట్టడుగు అరలోంచి దుమ్ము దులిపి ఒక సన్నటి పుస్తకం తీశాడు. బడిపిల్లలకు బహుమతిగా ఇచ్చేలాంటిది. చీమల గురించి. “దీంట్లో మనుషులే లేరమ్మా” అన్నాడు.

అది పట్టింది. చీమలు వరుసలో ఎలా నడుస్తాయో, దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయో ఉంది. మొదటి పేజీ అయిపోయిందని ఆమెకు రెండో పేజీ చివరికొచ్చాక గాని తెలియలేదు. రాట్నం పక్కన కాదు, రాట్నం ఆపేసి, వంటింటి గడప మీద కూర్చుని చదివింది. పన్నెండో పేజీలో ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. ఉషారాణి గిన్నెలు తోముతున్నదల్లా బెదిరిపోయింది.

“ఏమైంది అత్తా?”

“పుట్టలో పని సేసేటివన్నీ ఆడసీమలేనంట. కూడు తెచ్చేది, బిడ్డల్ని సాకేది, ఇల్లు కట్టేది. మగసీమకు పనే లేదంట. రెక్కలొచ్చి నాలుగు దినాలు ఎగిరి సస్తాదంట.”

ఉషారాణి మగ్గం గది వైపు ఒకసారి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “ఆ నాలుగు దినాలూ కాఫీ అడగతాయా అత్తా?”

ఆ ఇంట్లో అత్తా కోడలూ కలిసి నవ్వడం అదే మొదలు కావచ్చు. అప్పుడే మునిరత్నమ్మకు ఒక ఆలోచన తగిలింది. ఇన్నేళ్లూ తాను చదివినవన్నీ తనలాంటి దాని కథలే. అది ఏడిస్తే తాను ఏడ్చింది. ఏడ్చాక తేలికై, లేచి వెళ్లి అన్నం వండింది. చదవడమంటే అదే అనుకుంది. ఏడవనక్కరలేని చదువు కూడా ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

చివరి రెండు పేజీలు మూడు రోజులు తెరవలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరినీ లెక్కపెట్టుకుంది. భర్త మగ్గంలో, కొడుకు భోజనం దగ్గర, కోడలు పంపు దగ్గర. ఊపిరి బిగబట్టి చదివేసింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఎవరూ వెళ్లిపోలేదు. ఆ తరువాత రాళ్ల గురించి ఒకటి, కాలినడకన ఊళ్లు తిరిగిన ఒకామె యాత్రల పుస్తకం ఒకటి చదివింది. యాత్రల పుస్తకంలో మనిషి ఉంది. ప్రతి ఊరినీ వదిలి వెళ్తూనే ఉంది. అయినా చదవగలిగింది.

“మళ్లీ మొదలుపెట్టినావా?” అన్నాడు ఈశ్వరప్ప. “సీర సంగతి మర్సిపోయినావేమో.” కుప్పం పోయొస్తానని నోటిదాకా వచ్చిన మాట లోపలికి వెళ్లిపోయింది. ఫాల్గుణం పెళ్లిళ్లకు నాలుగు చీరల పని ఉంది. అడిగినా ఏమంటాడో తెలుసు.

ఫాల్గుణం మధ్యలో ఒక చీర వెనక్కి వచ్చింది. నెమలికంఠం రంగు, నడుమ జానెడు చార. మునిరత్నమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఆ కండెలు ఆమె పుష్యంలో చుట్టినవి, ఇంట్లో పుస్తకమన్నది లేనప్పుడు. ఈసారి వచ్చిన వ్యాపారి, తొంభై మూడులో వచ్చిన పాతాయన కొడుకు. ఈశ్వరప్ప గుమ్మంలో నిలబడి నింపాదిగా చెప్పాడు.

“మా ఇంటామె సేతి పని సామీ, ఒక్క పోగు తప్పు ఉండదు. ఇది అద్దకం తేడా. ఒక్కో తూరి ఒక్కో పాకం పెడతాడు ఆ అద్దకమోడు. వాడిని అడగాల మీరు.”

వ్యాపారి తల ఊపి వెళ్లిపోయాడు. ఆమె అన్నం వడ్డించి, ఆయన రెండో ముద్ద మింగాక అడిగింది.

“తొంభై మూడులో వచ్చిన సార కూడా అద్దకం తేడానేనా?”

ఈశ్వరప్ప తల ఎత్తలేదు. “అయ్యుండొచ్చు.”

“అప్పుడు తెల్సునా నీకు?”

“ఆ పెద్దాయనకూ అప్పటి అద్దకమోడికీ బంధుత్వం. వాని మీద ఎట్లా సెప్పేది? ఎవరో ఒకరి మీద ఎయ్యాల కదా. ఇంట్లోదానివి కాబట్టి నీ మీద ఏసినా. బయటోళ్ల మీద ఏస్తే ఊరుకుంటారా?” నీళ్లు తాగాడు. “పదకొండేండ్ల మాట ఇప్పుడేల? మజ్జిగ పొయ్యి.”

మజ్జిగ పోసింది. ఇంట్లోదానివి కాబట్టి. ఆ మాటే లోపల తిరుగుతూ ఉంది. ఏడుపు వస్తే బాగుండును. రాలేదు.

తెల్లవారి రెండు చీరలు, కళ్లజోడు, చీమల పుస్తకం సంచిలో పెట్టుకుంది. బాబు సాహెబ్ ఆ పుస్తకం తిరిగి తీసుకోలేదు, ఉంచుకోమన్నాడు. “కుప్పం పోతాండాను” అంది.

“ఇంకా రెండు సీరలుండాయి. కండెలు?”

“తెలీదు” అంది. ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. తల్లి బొరుగుల గంప పెట్టుకునే చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అటు చూడకుండా ఉండడానికి పుస్తకం తెరిచింది. పలమనేరు దాటేదాకా పెదవులు కదుపుతూ చదివింది, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆపితే మెహరున్నీసా “ఆపొద్దు” అంటుందో చూసుకుంటూ.

కుప్పంలో, అగరుబత్తుల షెడ్డు వెనక ఒక గది. మంచం మీద మెహరున్నీసా సగమైపోయి ఉంది. చూడగానే గుర్తుపట్టింది. రెండు చేతులూ చాచింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ తరువాత మునిరత్నమ్మ కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి మొదటి పేజీ చదివింది. తడబడకుండా చదివింది. పేజీ అయ్యాక తల ఎత్తింది. మెహరున్నీసా ఆమె పెదవుల వైపే చూస్తూ చిన్నగా నవ్వుతోంది. నవ్వవలసిన చోటు కాదది.

“అక్కా, వినపడతాండాదా?”

అదే నవ్వు.

ఫిర్దౌస్ తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది. “రెండేండ్ల కింద పెద్ద జరం వచ్చింది ఖాలా. అప్పుట్నుంచి సెవులు పోయినాయి. కుడిసెవి దగ్గర నోరు పెట్టి ఒక్క ముక్క గట్టిగా అరిస్తే అందుతాది. అంతకు మించి అందదు. ఫోన్లో సెప్తే మీరు రారేమో అని…”

మునిరత్నమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇంతకాలం తిప్పలుపడి తెచ్చుకున్న చదువు గదిలో ఎవరికీ అక్కరలేకుండా నిలబడింది. ముప్పై పేజీలు చదివి పెట్టుకోలేదని, క్షమించమని చెప్పాలనుకుంది. అది ఒక్క ముక్కలో పట్టే మాట కాదు.

“నువ్వు రాసి సూపించొచ్చు కదమ్మా” అంది ఫిర్దౌస్‌తో, ఏదో ఒకటి అనాలని.

“అమ్మీకి సదువు రాదు కదా ఖాలా.”

రాదు. పదిహేనేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించింది. ఒక్క అక్షరం నేర్పలేదు. నేర్పమని మెహరున్నీసా అడగలేదు, నేర్పాలని తనకు తట్టలేదు. తట్టలేదా? నేర్పితే ఆ మనిషి తన కోసం ఎదురుచూడదని లోపల ఎక్కడో అనుకుందా? తనను అందరూ ఇంట్లోదానివి కదా అని వాడుకున్నట్టే, తానూ ఈమె చెవులను తన దగ్గరే కట్టేసుకుందా? అడుగుదామన్నా మెహరున్నీసాకు వినపడదు.

సాయంత్రం ఫిర్దౌస్‌ను పంపి ఒక పలకా బలపాలూ తెప్పించింది. మెహరున్నీసా పలక చూసి ముఖం తిప్పుకుంది.

“పోయే కాలంలో నాకేల సదువు రత్నా? సూసినోళ్లు నవ్వుతారు.”

మునిరత్నమ్మ ఆమె కుడిచెవి దగ్గర నోరు పెట్టింది. “నవ్వనీ!”

వేల పోగులు అతికిన వేళ్లు అవి. బలపం పట్టుకోగానే వణికాయి. తరువాత పోగు దొరికినట్టే పట్టు దొరికింది. మునిరత్నమ్మ పలక మీద ఒక అక్షరం రాసింది. చెవిలో దాని పేరు అరిచింది. గోడ వెంట పోతున్న చీమను వేలితో చూపించింది. మెహరున్నీసా ఆ గీత మీద గీత దిద్దింది, నాలుగుసార్లు, పదిసార్లు. చీకటి పడేసరికి రెండు అక్షరాలు వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, “సీమ” అంది తనంతట తాను, పెద్దగా, గది అవతలికి వినపడేటట్టు. ఫిర్దౌస్ పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది.

మెహరున్నీసా పలకను గుండెకు ఆనించుకుని చాలాసేపు ఏదో లెక్క వేసుకుంది.

“మొత్తం ఎన్నుండాయి రత్నా?”

మునిరత్నమ్మ అయిదు వేళ్లు చూపించి, ఆ పక్కన ఆరు చూపించింది. యాభై ఆరు.

“అన్నీ వచ్చినాక నువ్వు ఎళ్లిపోతావు కదా.”

మెహరున్నీసా పలక మీద రెండో అక్షరాన్ని అరచేత్తో నెమ్మదిగా తుడిచేసింది.

“ఈ పొద్దుకు ఒకటే నేర్సుకున్నా” అంది. “దినానికి ఒకటే సెప్పు.”